వార్ధక్యంలో రక్తనాళాలు, వ్యాయామ రక్తప్రసరణ

వయసు పెరిగేకొద్దీ ధమనులు, సూక్ష్మధమనులు, కేశనాళికలు, సిరల నిర్మాణంలోనూ పనితీరులోనూ వచ్చే మార్పులను కలిపి రక్తనాళాల వార్ధక్యం అంటారు. కూర్చుని ఉన్నంతసేపూ ఈ మార్పులు చాలావరకు పైకి కనిపించవు. మెట్లెక్కినప్పుడు, వడిగా నడిచినప్పుడు, సైకిలు తొక్కినప్పుడు కండరాలకు కావలసిన రక్తం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నాళాలు అంత మేరకు తెరుచుకోగలవా అన్నది అప్పుడే తేలుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా గుండెజబ్బు, మధుమేహం లేని వృద్ధుల గురించి. ధమనుల్లో కొవ్వు పూడికలు పేరుకునే జబ్బు వేరే విషయం (చూ. అథెరోస్క్లెరోసిస్). అయితే వార్ధక్యం ఆ జబ్బుకు దారి సులువు చేస్తుంది కాబట్టి చివర దాని ప్రస్తావన ఉంటుంది.

వ్యాయామంలో రక్తం పంపకం

విశ్రాంతిలో ఉన్న యువకుడి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో కండరాలకు చేరేది 15 నుంచి 20 శాతం. బాగా శ్రమపడే వ్యాయామంలో గుండె పంపే రక్తం 20–25 లీటర్లకు పెరుగుతుంది, అందులో 80 శాతానికి పైగా పనిచేస్తున్న కండరాలకే పోతుంది. పేగులు, మూత్రపిండాలు ఆ కాసేపు తక్కువతో సరిపెట్టుకుంటాయి.

ఈ పంపకమంతా సూక్ష్మధమనుల చేతిలో ఉంది. కంటికి సరిగా ఆనని ఈ నాళాల గోడల్లో వలయాకారంలో నున్నని కండరం ఉంటుంది. అది సడలితే నాళం వెడల్పవుతుంది, బిగిస్తే సన్నబడుతుంది. నాళంలో ప్రవాహం దాని వ్యాసార్ధపు నాలుగో ఘాతాన్ని అనుసరించి మారుతుందని 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ పొయిజాయ్ చూపించాడు. లెక్క ప్రకారం వ్యాసార్ధం 19 శాతం పెరిగితే ప్రవాహం రెట్టింపవుతుంది, 10 శాతం తగ్గితే మూడో వంతు పడిపోతుంది. వార్ధక్యంలో నాళాలు తెరుచుకోవడంలో వచ్చే చిన్న లోపం కూడా కండరానికి పెద్ద కొరతగా ఎందుకు పరిణమిస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

కండరం పూర్తిగా శ్రమిస్తే ఎంత రక్తం తీసుకోగలదన్నది చాలాకాలం తక్కువగా అంచనా వేశారు. 1985లో కోపెన్‌హేగెన్‌లో పెర్ ఆండర్సన్, బెంగ్ట్ సాల్టిన్ ఒక ప్రత్యేక అమరిక తయారు చేశారు. మనిషిని వాలుగా కూర్చోబెట్టి, ఒక్క మోకాలిని మాత్రమే చాచి ముడుస్తూ, చీలమండకు కట్టిన కడ్డీతో వెనకున్న చక్రాన్ని తిప్పిస్తారు. పని మొత్తం తొడ ముందు భాగంలోని సుమారు రెండు మూడు కిలోల కండరం మీదే పడుతుంది. తొడ సిరలోకి చల్లని సెలైన్ వదిలి, దిగువన రక్తం ఎంత చల్లబడిందో చూసి ప్రవాహాన్ని లెక్కగట్టారు. కిలో కండరానికి నిమిషానికి సుమారు రెండున్నర లీటర్లు అని తేలింది. విశ్రాంతిలో అదే కిలోకు అందేది 20 నుంచి 40 మిల్లీలీటర్లే. ఒంట్లోని 30 కిలోల కండరం ఒకేసారి అంత తీసుకుంటే నిమిషానికి 75 లీటర్లు కావాలి. మేటి క్రీడాకారుడి గుండె కూడా 40 లీటర్లు దాటి పంపలేదు. కాబట్టి ఒళ్లంతా కదిలే వ్యాయామంలో ఏ కండరానికి ఎంత వదలాలో నాడీవ్యవస్థ అదుపు చేయక తప్పదు. లేకపోతే రక్తపీడనం నిలవదు.

అధ్యయన చరిత్ర

రక్తం గుండె నుంచి బయలుదేరి తిరిగి గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో నిరూపించాడు. ధమనులనూ సిరలనూ కలిపే కేశనాళికలను 1661లో మార్చెల్లో మాల్పీగీ సూక్ష్మదర్శినిలో చూశాడు. 1870లో అడాల్ఫ్ ఫిక్ చెప్పిన సూత్రం ఈ రంగానికి ఇప్పటికీ పునాది. శరీరం వాడుకునే ఆక్సిజన్, గుండె పంపే రక్తం పరిమాణాన్ని ధమనీ సిరల రక్తాల మధ్య ఆక్సిజన్ తేడాతో గుణిస్తే వచ్చేదానికి సమానం. కండరంలో కేశనాళికల నియంత్రణ మీద చేసిన పనికి డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్‌కు 1920 నోబెల్ బహుమతి దక్కింది.

వయసును, వ్యాయామ సామర్థ్యాన్ని కలిపి చూసిన తొలి పెద్ద ప్రయత్నం హార్వర్డ్ ఫెటీగ్ లేబరేటరీలో జరిగింది. అక్కడ సిడ్ రాబిన్సన్ 6 నుంచి 91 ఏళ్ల మధ్య వయసున్న 93 మంది పురుషులను, బాలురను ట్రెడ్‌మిల్ మీద పరీక్షించి 1938లో ఫలితాలు ప్రకటించాడు. ఒకే రోజున వేర్వేరు వయసులవాళ్లను పోల్చడం కన్నా అవే మనుషులను ఏళ్ల తరబడి గమనించడం నమ్మదగినది. 1958లో మొదలైన బాల్టిమోర్ వార్ధక్య అధ్యయనం ఆ పని చేపట్టింది. అందులోకి స్త్రీలను 1978లో గానీ చేర్చుకోలేదు. స్త్రీల రక్తనాళాల గురించిన సమాచారం చాలాకాలం పలచగా ఉండిపోవడానికి ఇలాంటి నిర్ణయాలు ఒక కారణం.

1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్‌స్కీ కుందేలు ధమని ముక్కలతో చేసిన ప్రయోగం రంగం దిశ మార్చింది. ధమని లోపలి పొర చెక్కుచెదరకుండా ఉంటే అసిటైల్ కోలిన్ అనే రసాయనం తగలగానే ధమని సడలింది. ఆ పొర గీసుకుపోయి ఉంటే సడలలేదు. ఆ పొర వదిలే, ధమనిని సడలించే పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ వాయువని తర్వాత తేలింది. దీనికి ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

పెద్ద ధమనులు గట్టిపడటం

గుండె ఏడాదికి మూడున్నర కోట్లకు పైగా కొట్టుకుంటుంది. ప్రతి స్పందనకూ బృహద్ధమని సాగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. సాగే ఈ గుణం ఎలాస్టిన్ అనే ప్రొటీన్ పోగుల వల్ల వస్తుంది. శరీరం ఎలాస్టిన్‌ను దాదాపుగా పుట్టకముందు, బాల్యంలో తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత కొత్తది తయారుకావడం చాలా తక్కువ. దశాబ్దాల తరబడి సాగి సాగి ఆ పోగులు తెగుతాయి. వాటి స్థానంలో అంతగా సాగని కొల్లాజెన్ పేరుకుంటుంది. రక్తంలోని చక్కెరలు ఈ పోగులకు అంటుకుని వాటిని ఒకదానితో ఒకటి బంధిస్తాయి. మధుమేహం ఉన్నవారిలో ఈ పని మరింత వేగంగా జరుగుతుంది. బృహద్ధమని వెడల్పవుతుంది, గోడ మందమవుతుంది. మెడలోని కెరోటిడ్ ధమని లోపలి, మధ్య పొరల మందం 20 నుంచి 90 ఏళ్ల మధ్య రెండు మూడు రెట్లవుతుంది.

గట్టిదనాన్ని నాడీతరంగ వేగంతో కొలుస్తారు. మెడ దగ్గర, తొడ మొదట్లో నాడి అందే సమయాల మధ్య తేడా చూసి, ఆ దూరాన్ని సమయంతో భాగిస్తారు. ఇరవైల్లో ఇది సెకనుకు 6 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 10 మీటర్లు దాటితే గుండెజబ్బు ముప్పు పెరిగినట్టు వైద్యులు పరిగణిస్తారు. గట్టి ధమనిలో తరంగం త్వరగా పోయి, త్వరగా తిరిగి గుండె దగ్గరికి వస్తుంది. గుండె ఇంకా రక్తం నెడుతుండగానే ఎదురొచ్చే ఆ తరంగం బీపీలో పై సంఖ్యను పెంచుతుంది. యాభై దాటాక కింది సంఖ్య మాత్రం క్రమంగా తగ్గుతుంది. పెద్దవాళ్లలో 160/70 లాంటి కొలతలు తరచు కనిపించడానికి కారణం ఇదే (చూ. రక్తపీడనం). వ్యాయామంలో ఈ భారం ఎక్కువవుతుంది. ప్రతి స్పందనకూ గుండె మరింత ఒత్తిడికి ఎదురు పనిచేయాలి. కింది సంఖ్య తగ్గితే గుండె కండరానికి రక్తం అందించే కరొనరీ ధమనుల్లో ప్రవాహానికి ఆసరా తగ్గుతుంది.

గట్టిదనం వయసుతో పాటు తప్పనిసరిగా ఒకే మోతాదులో పెరగదు. 1980లలో ఆస్ట్రేలియా పరిశోధకుడు ఆల్బర్టో అవోలియో బృందం చైనాలో చేసిన పోలికలో, ఉప్పు తక్కువ తినే గ్వాంగ్‌ఝౌ ప్రాంత గ్రామీణుల ధమనులు అదే వయసు బీజింగ్‌వాసుల ధమనుల కన్నా మెత్తగా ఉన్నాయి. బొలీవియా అడవుల్లో వేట, సేద్యంతో బతికే చిమానే జాతి మీద 2017లో వెలువడిన అధ్యయనంలో 85 శాతం మంది కరొనరీ ధమనుల్లో సున్నం ఆనవాలే కనిపించలేదు. అక్కడి పురుషులు రోజుకు ఆరేడు గంటలు ఒళ్లు వంచి పనిచేస్తారు.

ఎండోథీలియం, నైట్రిక్ ఆక్సైడ్

రక్తనాళాల లోపలంతా ఒకే కణం మందంతో పరుచుకుని ఉన్న పొర ఎండోథీలియం. ప్రవహించే రక్తం ఈ పొరను రాసుకుంటూ పోతుంది. వ్యాయామంలో ప్రవాహం పెరిగితే ఆ రాపిడి పెరుగుతుంది, కణాలు నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తాయి, పక్కనున్న కండరం సడలుతుంది, నాళం వెడల్పవుతుంది. ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి ఒక ఎంజైము ఈ వాయువును తయారుచేస్తుంది. దాని ఆయువు కొన్ని సెకన్లే.

ఈ శక్తి ఎంత మిగిలిందో తెలుసుకునే పరీక్షను 1992లో డేవిడ్ సెలెర్‌మయర్ బృందం ప్రచారంలోకి తెచ్చింది. ముంజేతికి బీపీ పట్టీ కట్టి, ధమని మూసుకునేదాకా గాలి నింపి, ఐదు నిమిషాలు అలాగే ఉంచుతారు. పట్టీ వదలగానే రక్తం దూసుకుపోతుంది. ఆ రాపిడికి మోచేతి పైనున్న బ్రేకియల్ ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండ్‌లో కొలుస్తారు. నాలుగు మిల్లీమీటర్ల ధమనిలో మూడో వంతు మిల్లీమీటరు తేడాను పట్టుకోవాలి కాబట్టి పరీక్షించే చేయి ఏమాత్రం కదలకూడదు. ఆరోగ్యవంతులైన యువకుల్లో వెడల్పు సాధారణంగా 6 నుంచి 10 శాతం పెరుగుతుంది. పురుషుల్లో ఈ స్పందన నలభై తర్వాత తగ్గడం మొదలవుతుంది. స్త్రీల్లో ఇంకో పదేళ్ల పాటు నిలకడగా ఉండి, యాభై దాటాక పురుషుల్లో కన్నా వేగంగా పడిపోతుంది.

తగ్గడానికి ప్రధాన కారణం నైట్రిక్ ఆక్సైడ్ పుట్టకపోవడం కన్నా పుట్టింది పనికిరాకుండా పోవడం. వయసు మీదపడిన నాళపు గోడల్లో సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం ఎక్కువగా తయారవుతుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారుతుంది. దాంతో ఎంజైముకు తోడ్పడే టెట్రాహైడ్రో బయోటెరిన్ దెబ్బతింటుంది. తోడు లేని ఎంజైము నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు తానే సూపర్ ఆక్సైడ్ తయారుచేయడం మొదలెడుతుంది. నష్టం ఇలా తనను తాను పెంచుకుంటుంది. మరోవైపు నాళాన్ని బిగించే ఎండోథెలిన్ ప్రభావం పెరుగుతుంది. వృద్ధుల ముంజేతి ధమనిలోకి నేరుగా విటమిన్ సి ఎక్కించినప్పుడు వ్యాయామ సమయంలో ఆ చేతికి రక్తప్రవాహం పెరిగింది. యువకుల్లో అలాంటి మార్పు రాలేదు. సూపర్ ఆక్సైడ్ పాత్రకు ఇది బలమైన ఆధారం. మాత్రలు మింగినప్పుడు మాత్రం ధమనిలోకి ఎక్కించినప్పుడు చేరేంత గాఢత రక్తంలో చేరదు. అందుకే ఈ ప్రయోగాన్ని విటమిన్ మాత్రలకు సిఫారసుగా చదవకూడదు.

నాడుల అదుపు, కండరం ప్రతిస్పందన

సహానుభూత నాడీవ్యవస్థ సూక్ష్మధమనులను బిగిస్తుంది. 1960లలో స్వీడన్‌లోని ఉప్సలాలో కార్ల్ ఎరిక్ హాగ్‌బార్త్, ఆకె వల్బో సన్నని సూదిని నేరుగా నాడిలోకి దించి దాని సంకేతాలను వినే పద్ధతి రూపొందించారు. ఆ పద్ధతితో చూస్తే, కండరాల నాళాలకు పోయే ఈ సంకేతాలు విశ్రాంతిలో కూడా అరవై దాటినవారిలో ఇరవైల్లో ఉన్నవారికన్నా దాదాపు రెట్టింపు. వృద్ధ పురుషుల కాళ్లకు విశ్రాంతిలోనే సుమారు నాలుగో వంతు తక్కువ రక్తం అందుతున్నట్టు 1999లో ఫ్రాంక్ డినెన్నో బృందం చూపించింది.

యువకుల్లో ఈ బిగింపుకు ఒక విరుగుడు ఉంది. పనిచేస్తున్న కండరం తన చుట్టూ ఉన్న నాళాలను నాడి ఆజ్ఞ వినకుండా చేసుకుంటుంది. 1962లో రెమెన్‌స్నైడర్, మిచెల్, సార్నాఫ్ దీనికి ఫంక్షనల్ సింపథోలైసిస్ అని పేరు పెట్టారు. కాలువ మీద లస్కరు అన్ని తూములూ దించుకుంటూ పోతున్నా నీరు కావలసిన చేను తన తూమును తానే ఎత్తుకోవడం లాంటిది ఇది. పనిలేని కండరాలకు, పేగులకు బిగింపు అమలవుతుంది, పనిచేసే కండరం తప్పించుకుంటుంది. ఒక పక్క రక్తపీడనం నిలుస్తుంది, మరో పక్క కండరానికి కొరత రాదు.

వార్ధక్యంలో ఈ తప్పించుకునే శక్తి మందగిస్తుంది. నాడి ఆజ్ఞ బలపడుతుంది, దాన్ని పక్కనపెట్టే కండరం సామర్థ్యం తగ్గుతుంది. రెండూ ఒకే వైపు లాగుతాయి. జీవితమంతా చురుగ్గా ఉన్న వృద్ధుల్లో మాత్రం ఈ సామర్థ్యం యువకుల స్థాయిలోనే నిలిచినట్టు కోపెన్‌హేగెన్ పరిశోధకులు గమనించారు. వార్ధక్య రక్తప్రసరణలో ఇంత స్పష్టంగా అలవాటుకు లొంగే అంశాలు తక్కువే.

ఆరంభ క్షణాల్లోనూ తేడా ఉంది. కండరం ఒక్కసారి ముడుచుకోగానే, రెండు మూడు స్పందనల్లోపే ప్రవాహం ఎగబాకుతుంది. వృద్ధుల్లో ఈ తొలి ఎగబాకడం చిన్నదవుతుంది. సిగ్నల్ పడగానే రోడ్డు దాటడం, బస్సు అందుకోవడం లాంటి పనులన్నీ ఆ మొదటి క్షణాల మీదే ఆధారపడతాయి.

కేశనాళికలు, ఎర్రరక్తకణాలు

ఆక్సిజన్ చివరికి కండర కణంలోకి చేరేది కేశనాళికల గుండా. కదలిక లేని వృద్ధుల్లో ఒక్కో కండర పోగు చుట్టూ ఉండే కేశనాళికల సంఖ్య తగ్గుతుంది. అరవైల్లో ఉన్నవారు తొమ్మిది నెలల నుంచి ఏడాదిదాకా శిక్షణ పొందితే కేశనాళికల సాంద్రత సుమారు 20 శాతం పెరిగినట్టు 1992లో ఆండ్రూ కాగన్ బృందం ప్రకటించింది.

ఎర్రరక్తకణాలు ఆక్సిజన్ మోసే బండ్లు మాత్రమే కావు. ఆక్సిజన్ తగ్గిన చోట అవి ఏటీపీని వదులుతాయి. ఏటీపీ ఎండోథీలియాన్ని తట్టి నాళాన్ని తెరిపిస్తుంది. వృద్ధుల ఎర్రకణాలు ఆక్సిజన్ తగ్గినా తక్కువ ఏటీపీ వదులుతాయి. కణాల శక్తికి మూలమైన ఈ అణువును 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ ఒకవైపు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి మరోవైపు, విడివిడిగా కనిపెట్టారు. కండరంలో క్షణాల అవసరానికి నిల్వగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించినవారూ ఫిస్కే, సుబ్బారావులే. వ్యాయామం ఆపాక ఆ నిల్వ ఎంత త్వరగా నిండుతుందో అయస్కాంత అనునాద యంత్రంలో కొలిస్తే, కండరానికి ఆక్సిజన్ ఏమేరకు అంది, వాడకమవుతోందో తెలుస్తుంది (చూ. యల్లాప్రగడ సుబ్బారావు).

సిరల్లో మార్పులు తక్కువగా అధ్యయనానికి వచ్చాయి. పిక్కల కండరాలు ముడుచుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తం గుండె వైపు ఎగుస్తుంది. వయసుతో సిరల గోడలు బిరుసెక్కి, కవాటాలు వదులయ్యేకొద్దీ ఈ ఆసరా తగ్గుతుంది.

కాళ్లు, చేతులు; స్త్రీలు, పురుషులు

వార్ధక్యం ఒళ్లంతా ఒకేలా పనిచేయదు. ఒకే శ్రమ స్థాయిలో చూస్తే వృద్ధుల కాళ్లకు రక్తప్రవాహం యువకుల కన్నా సుమారు 20–30 శాతం తక్కువగా పలు అధ్యయనాల్లో కనిపించింది. అదే మనుషుల చేతుల్లో అంత తేడా లేదు. నిలబడినప్పుడు కాలి ధమనుల మీద పడే రక్తపు బరువు ఎక్కువ కావడం, నడక తగ్గితే ముందుగా కాళ్లే అలవాటు కోల్పోవడం దీనికి కారణాలుగా చెబుతారు. లోటును శరీరం కొంత పూడుస్తుంది. వచ్చిన రక్తం నుంచి ఎక్కువ ఆక్సిజన్ లాక్కుంటుంది. తేలికపాటి పనిలో ఈ సర్దుబాటు సరిపోతుంది. శ్రమ పెరిగితే చాలదు.

తేలికపాటి నుంచి మధ్యస్థ శ్రమలో ఈ లోటు పురుషుల్లో కన్నా స్త్రీల్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఈస్ట్రోజెన్ నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమును ప్రోత్సహిస్తుంది. ముట్లుడిగాక ఆ ప్రోత్సాహం పోతుంది. శిక్షణ ఫలితంలోనూ తేడా ఉంది. నడక, జాగింగ్ లాంటి వ్యాయామాలు వయసుమళ్లిన పురుషుల్లో ఎండోథీలియాన్ని మెరుగుపరుస్తాయి. ముట్లుడిగిన స్త్రీల్లో అదే మోతాదు వ్యాయామంతో ఆ మెరుగుదల చాలా అధ్యయనాల్లో కనిపించలేదు. ఈస్ట్రోజెన్ కూడా ఇచ్చినప్పుడు కనిపించింది. పురుషుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలను స్త్రీలకు యథాతథంగా వర్తింపజేయకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. వ్యాయామం స్త్రీలకు అనవసరమని దీని అర్థం కాదు. బీపీ, చక్కెర, కండరబలం మీద దాని ప్రయోజనం ఇద్దరికీ ఉంది.

గుండె, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం

నాళాల మార్పులతో పాటు గుండె వేగం కూడా తగ్గుతుంది. గరిష్ఠ హృదయ స్పందనను అంచనా వేయడానికి 220 నుంచి వయసును తీసేసే లెక్క జిమ్ముల్లో బాగా ప్రచారంలో ఉంది. 2001లో హిరోఫుమి తనాకా బృందం ఇచ్చిన లెక్క అంతకన్నా నమ్మదగినది. వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసేయాలి. 70 ఏళ్లవారికి మొదటి లెక్క 150 ఇస్తే, రెండోది 159 ఇస్తుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి ఈ రెండూ పనికిరావు.

వేగం తగ్గిన గుండె ప్రతి స్పందనకూ ఎక్కువ రక్తం నింపుకుని కొంత సర్దుకుంటుంది. గుండె కండరం గట్టిపడేకొద్దీ నింపుకోవడమూ కష్టమవుతుంది. గుండె పంపేది, కండరానికి చేరేది, కండరం తీసుకునేది మూడూ కలిసి నిర్ణయించే గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం పాతికేళ్ల తర్వాత దశాబ్దానికి దాదాపు 10 శాతం చొప్పున తగ్గుతుంది (చూ. వీవో2 మాక్స్).

ఇందులో వయసు వాటా ఎంత, కదలక కూర్చోవడం వాటా ఎంత అన్న ప్రశ్నకు డాలస్ అధ్యయనం గట్టి జవాబు ఇచ్చింది. 1966లో అక్కడ ఐదుగురు ఇరవై ఏళ్ల యువకులను మూడు వారాలు మంచం దిగకుండా ఉంచారు. వారి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత అదే ఐదుగురిని పిలిచి పరీక్షిస్తే, ముప్పై ఏళ్ల వయసు తెచ్చిన తగ్గుదల ఆ మూడు వారాల మంచం తెచ్చినదాని కన్నా తక్కువ. ఆరు నెలల శిక్షణతో ఆ తగ్గుదలంతా పూడింది. ఐదుగురే అయినా, అవే మనుషులు కావడం ఈ అధ్యయనానికి విలువ తెచ్చింది.

శిక్షణ ప్రభావం

అంతవరకు వ్యాయామం అలవాటులేని నడివయసు, వృద్ధ పురుషులు మూడు నెలలు రోజూ వడిగా నడిస్తే కెరోటిడ్ ధమని సాగే గుణం సుమారు నాలుగో వంతు మెరుగైనట్టు, ముంజేతి నాళాల ఎండోథీలియం స్పందన కూడా యువకుల స్థాయికి దగ్గరైనట్టు 2000లో డగ్లస్ సీల్స్ ప్రయోగశాల నుంచి రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. నడక బరువు తగ్గించకపోయినా, బీపీ మార్చకపోయినా ఈ మెరుగుదల వచ్చింది. రాపిడే నాళానికి శిక్షణ అన్న అవగాహన దీంతో బలపడింది.

గుండె గట్టిదనం విషయంలో మాత్రం ఎప్పుడు మొదలుపెట్టామన్నది ముఖ్యం. 45 నుంచి 64 ఏళ్ల వారు రెండేళ్లు క్రమశిక్షణతో వ్యాయామం చేస్తే గుండె మెత్తబడిందని, గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం 18 శాతం పెరిగిందని 2018లో డాలస్ పరిశోధకులు చూపించారు. అంతకుముందు 65 దాటినవారితో ఏడాది పాటు చేసిన ప్రయత్నంలో సామర్థ్యం పెరిగింది గానీ గుండె గట్టిదనం తగ్గలేదు.

జీవితకాల శిక్షణకు పై హద్దు ఎక్కడో స్వీడన్‌కు చెందిన స్కీయింగ్ క్రీడాకారులను చూస్తే తెలుస్తుంది. ఎనభై దాటిన వీరి గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం కిలో బరువుకు నిమిషానికి 38 మిల్లీలీటర్లు ఉంది. శిక్షణ లేని అదే వయసువారిలో అది 21. కెనడాకు చెందిన ఎడ్ విట్‌లాక్ 2004లో, 73 ఏళ్ల వయసులో టొరంటో మారథాన్‌ను 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో పూర్తిచేశాడు.

వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, 65 దాటినవారికి అదనంగా వారంలో మూడు రోజులు నిలకడను పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

ఆహారం, మందులు

బీట్‌రూట్, పాలకూర, తోటకూరల్లో నైట్రేట్ ఎక్కువ. నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆక్సిజన్ తక్కువున్న కండరంలో అది నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఎండోథీలియం మీద ఆధారపడని దారి కాబట్టి వృద్ధుల విషయంలో దీని మీద ఆసక్తి పెరిగింది. బ్యాక్టీరియాను చంపే మౌత్‌వాష్ వాడితే ఈ మార్పు ఆగిపోతుంది.

ద్రాక్ష తొక్కలో ఉండే రెస్వెరట్రాల్ మీద ఉన్న ఆశలు 2013లో కోపెన్‌హేగెన్ ప్రయోగంతో తగ్గాయి. 65 ఏళ్ల ప్రాంతంలో ఉన్న పురుషులు ఎనిమిది వారాలు శిక్షణ చేస్తూ రోజుకు 250 మిల్లీగ్రాముల రెస్వెరట్రాల్ తీసుకుంటే, వ్యాయామం వల్ల రావలసిన లాభం పెరగకపోగా తగ్గింది. చురుకైన ఆక్సిజన్ రూపాలు కొంత మోతాదులో శిక్షణకు సంకేతాలుగా పనిచేస్తాయని, వాటిని పూర్తిగా అణిచేస్తే నాళాలు మెరుగుపడే అవకాశమూ పోతుందని దీనికి ఇచ్చే వివరణ.

వైద్యపరమైన ప్రాధాన్యం

కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే సర్దుకునే నొప్పిని వయసు వల్ల వచ్చేదేలే అని వదిలేయడం పరిపాటి. అది తరచు కాలి ధమనుల్లో పూడికకు గుర్తు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే సంఖ్య 0.9 లేదా అంతకన్నా తక్కువైతే జబ్బు ఉన్నట్టు నిర్ధారిస్తారు. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడిచే శిక్షణను పర్యవేక్షణలో వారానికి మూడు సార్లు, పన్నెండు వారాలు చేయించడం దీనికి గుర్తింపు పొందిన చికిత్స.

వ్యాయామాన్ని ఉన్నట్టుండి ఆపితే పిక్కల ఆసరా పోయి, తెరుచుకున్న కాలి నాళాల్లో రక్తం నిలిచి తల తిరుగుతుంది. బీపీని సర్దే ప్రతిక్రియలు మందగించిన వృద్ధుల్లో ఇది పడిపోవడానికి దారితీస్తుంది. ఐదు పది నిమిషాలు వేగం తగ్గిస్తూ నడిచి ఆపమని చెప్పేది ఇందుకే. బీపీ మందులు వాడేవారికి, భోజనం చేసిన వెంటనే నడిచేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం.

ఎండలో వ్యాయామం అదనపు పరీక్ష పెడుతుంది. ఒంటి వేడి బయటికి పోవడానికి చర్మానికీ రక్తం కావాలి. అదే శరీర ఉష్ణోగ్రతలో వృద్ధుల చర్మానికి యువకుల కన్నా 25 నుంచి 50 శాతం తక్కువ రక్తం చేరుతుంది. పేగులు, మూత్రపిండాల నుంచి రక్తాన్ని మళ్లించగలిగే సామర్థ్యమూ తక్కువే. దాహం వేయడం కూడా ఆలస్యమవుతుంది. 2015 మే నెల వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు ఎక్కువగా దెబ్బతిన్నారు. వేసవిలో పెద్దవాళ్ల నడకను సూర్యోదయానికి ముందు వేళకు మార్చడం, ఉపాధి హామీ లాంటి ఆరుబయటి పనుల వేళలు కుదించడం ఈ శారీరక పరిమితి మీద ఆధారపడిన చర్యలే (చూ. వడదెబ్బ).